స్కెచ్‌బుక్‌లో కాగితాలు, ఫోటోలు పొరలుగా అంటించడం ఎలా?

స్కెచ్‌బుక్‌లో ఫోటోలతో పని మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. పేజీ ఎందుకు అలలు తేలుతోంది? ఫోటో రంగు ఎందుకు కారిపోయింది? అన్నీ జాగ్రత్తగా అంటించాను, అయినా పేజీ నోటీసు బోర్డులా ఎందుకు కనబడుతోంది?

మొదటి రెండింటికీ జవాబు కాగితంలో, జిగురులో ఉంది. మూడో దానికి కారణం వేరు. పైన వేసిన ప్రతి ముక్కా కింద ఉన్నదాన్ని పూర్తిగా మూసేస్తోంది. కిందది కొంతైనా పైకి కనబడితేనే దాన్ని పొర అనాలి. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మీ దగ్గర ఉన్న మామూలు సామగ్రితోనే మంచి పేజీలు వస్తాయి.

ఉదాహరణగా ఒక పాత ఇంటి తలుపు ఫోటో తీసుకుందాం. టేకు తలుపు, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప, పక్కన సున్నం రాలుతున్న గోడ. పొరలకు ఇలాంటి ఫోటో చక్కగా పనికొస్తుంది. తలుపు ముదురు, గోడ లేత, గడప దగ్గర రంగు. మీ దగ్గర ఇలాంటి ఫోటో లేకపోతే ముదురు భాగం, లేత భాగం స్పష్టంగా విడిపోయి కనబడే ఏ ఫోటో అయినా చాలు. గుంపు ఫోటోలు, చిన్న చిన్న వివరాలతో నిండిన ఫోటోలు మొదటి ప్రయత్నానికి వద్దు.

కావలసినవి

స్కెచ్‌బుక్: పేజీ 150 జీఎస్ఎం (ఒక చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కన్నా పలుచగా ఉండకూడదు. 200 ఉంటే హాయి. మామూలు డ్రాయింగ్ పుస్తకమే ఉంటే రెండేసి పేజీలు కలిపి అంటించి వాడుకోండి.

జిగురు: తెల్ల ఫెవికాల్, గ్లూ స్టిక్ రెండూ ఉండాలి. ఒకటి చేసే పని రెండోది చేయదు. దొరికితే ఆక్రిలిక్ మ్యాట్ మీడియం లేదా జెల్ మీడియం (రంగు కలపని ఆక్రిలిక్, జిగురులా అంటుకుని ఆరాక పారదర్శకంగా ఉంటుంది) చిన్న డబ్బా.

కాగితాలు: ట్రేసింగ్ పేపర్, తెల్ల టిష్యూ, గాలిపటం కాగితం, పాత నోటుపుస్తకాల పేజీలు, పాత శుభలేఖలు, కాలెండర్ కాగితాలు, ఖాకీ రంగు ప్యాకింగ్ కాగితం. పాత అచ్చు పేజీలు కావాలంటే హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల దుకాణాల్లో వెతకండి. అట్టలు ఊడి, పేజీలు పోయి, చదవడానికి పనికిరాని పుస్తకాన్నే తీసుకోండి. నిండుగా ఉన్న పుస్తకాన్ని చింపకండి. అందులో మీకు నచ్చిన పేజీని జిరాక్స్ తీయించుకోవచ్చు.

పనిముట్లు: కట్టర్, ఉక్కు స్కేలు, వెడల్పాటి బ్రష్, వాడేసిన ప్లాస్టిక్ కార్డు, సన్నరకం ఉప్పు కాగితం (220 నుంచి 400 నంబరు), బటర్ పేపర్, నూలు గుడ్డ, బరువైన పుస్తకాలు.

ఇక పని.

1. ఫోటోను రకరకాలుగా ప్రింటు తీయించండి

అసలు ఫోటోను ఎప్పుడూ వాడకండి. తాతల కాలం నాటి ఫోటో అయితే స్కాన్ చేయించి తిరిగి ఆల్బమ్‌లో పెట్టేయండి. జిరాక్స్ దుకాణంలో లేజర్ ప్రింటే అడగండి. లేజర్ ప్రింటులో రంగు పొడి వేడికి కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది, నీటికి కదలదు. ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటి సిరా తడి తగలగానే పాకుతుంది. ఫోటో స్టూడియో ప్రింటు వేరే రకం. దాని మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి మందం ఎక్కువ, పైన వేసే జిగురు సరిగ్గా పట్టదు.

ఒకే ఫోటోకు ఈ ప్రింట్లు ఉంటే మంచిది: రంగులో ఒకటి, నలుపు తెలుపులో రెండు, ఒకటి పెద్దది చేసి, ఒకటి చిన్నది చేసి. ఎ4 నుంచి ఎ3కి పెంచాలంటే జిరాక్స్ మెషిన్‌లో 141 శాతం, ఎ3 నుంచి ఎ4కి తగ్గించాలంటే 71 శాతం. ఇంకొకటి అద్దం ప్రతిబింబంలా తిప్పి తీయించండి. ఏడో మెట్టులో అది కావాలి.

నలుపు తెలుపు ప్రింటులో గడప పసుపు దాదాపు తెల్లగా వచ్చేస్తుంది, కుంకుమ బొట్లు నల్ల చుక్కలవుతాయి. దీన్ని లోపం అనుకోకండి. రంగు ప్రింటులోంచి గడప ముక్కను మాత్రమే కత్తిరించి నలుపు తెలుపు ప్రింటు మీద పెట్టి చూడండి. పేజీకి కేంద్రం అక్కడే దొరుకుతుంది.

2. తడి పరీక్ష చేయండి

వాడబోయే ప్రతి కాగితం నుంచి చిన్న ముక్క చింపి, తడి వేలితో రుద్ది చూడండి. రంగు వేలికి అంటితే ఆ కాగితానికి గ్లూ స్టిక్కే గతి. గాలిపటం కాగితాలు, రంగు టిష్యూలు తరచుగా ఇలాగే రంగు వదులుతాయి. కొందరు ఆ మరకను కావాలనే వాడతారు, బాగుంటుంది కూడా. కాని ఆ రంగుల్లో చాలావరకు వెలుతురుకు వెలిసిపోతాయని తెలిసి వాడండి.

బస్ టికెట్లు, ఏటీఎం చీటీలు అంటించాలని అందరికీ ఉంటుంది. మెషిన్ నుంచి వచ్చే నున్నటి టికెట్లు థర్మల్ కాగితం. వాటి మీది అక్షరాలు కాలక్రమంలో మాసిపోతాయి, వేడి తగిలితే కాగితమే నల్లబడుతుంది. వాటిని జిరాక్స్ తీయించి ఆ నకలే అంటించండి. వార్తాపత్రిక కాగితం కూడా అంతే, పసుపుపచ్చగా మారి పెళుసుబారుతుంది. ఆ మార్పే మీకు కావాలనుకుంటే తప్ప నకలు మేలు.

3. పుస్తకంలో చోటు చేయండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, తర్వాత పుస్తకం మూతపడక వీపు విరుగుతుంది. లెక్క చూడండి. 80 జీఎస్ఎం జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఇరవై పేజీల మీద మూడేసి పొరలు వేస్తే కాగితమే 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, జిగురు మందం దీనికి అదనం. కాబట్టి మీరు పని చేసే ప్రతి రెండు మూడు ఆకులకు ఒక ఆకును కత్తిరించి తీసేయండి. మొదలంటా కోయకండి. కుట్టు దగ్గర ఒక అంగుళం వదిలి కోస్తే పుస్తకం ఊడిపోదు, ఆ మిగిలిన పట్టీ వీపు దగ్గర పొరల మందాన్ని సర్దుతుంది.

పేజీ పలుచగా ఉంటే తెల్ల ఆక్రిలిక్ రంగు లేదా జెస్సో (రంగు వేసే ముందు పూసే తెల్ల అస్తరు) ఒక పలుచని పూత వేసి పూర్తిగా ఆరనివ్వండి.

4. అడుగు పొర వేయండి

నోటుపుస్తకం గీతల కాగితం, పాత అచ్చు పేజీ, కాలెండర్‌లో తిథుల గళ్లు, ఏదైనా సరే ఇక్కడ నిశ్శబ్దంగా ఉండే కాగితం కావాలి. పెద్ద బొమ్మలు, పెద్ద అక్షరాలు అడుగున వేస్తే పైన వేసే ఫోటోతో పోటీ పడతాయి. మన తలుపు పేజీకి పాత జమాఖర్చుల లెక్కల పుస్తకం కాగితం సరిగ్గా ఒదుగుతుంది. దాని నిలువు గీతలే తలుపు చెక్కల దిశను ముందుగా చూపిస్తాయి.

1912లో ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ బ్రాక్ చెక్కలా కనబడే గోడకాగితం ముక్కలను బొగ్గు గీతల మధ్య అంటించాడు. చెక్కను గీయాల్సిన పనిని కాగితానికి అప్పగించాడు. అడుగు పొర ఎంచుకునేటప్పుడు మీరూ అదే అడగండి: ఈ కాగితం నా బదులు ఏ పని చేస్తుంది?

ఫెవికాల్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి, పేజీ మీద పలుచగా రాసి కాగితం పరచండి. మధ్య నుంచి అంచులకు ప్లాస్టిక్ కార్డుతో గాలిని తోసేయండి. కాగితం తడిస్తే ఒక దిశలో ఎక్కువ సాగుతుంది. ఏ దిశలోనో తెలియాలంటే చిన్న ముక్కను ఒకవైపు తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు దిశ పుస్తకం వీపుకు సమాంతరంగా ఉండేలా కాగితాన్ని అంటిస్తే పేజీ అలలు చాలావరకు తగ్గుతాయి.

మైదా జిగురు వాడవచ్చా? వాడవచ్చు. ఒక పాలు మైదా, ఐదు పాళ్ల నీళ్లు ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ చిక్కబడేదాకా ఉడికించి వడకట్టండి. టిష్యూకు ఇది చాలా చక్కగా పట్టుకుంటుంది. కాని బొద్దింకలకు, పుస్తకాల పురుగులకు ఇది తిండి. పురుగు పట్టకుండా కొందరు ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. ఇంట్లో, ముఖ్యంగా పిల్లలు తిరిగే చోట, దాని జోలికి వెళ్లకండి.

5. ఫోటో పొర

జిగురు మూత తీయకముందే ముక్కలన్నీ పేజీ మీద పేర్చి, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కదిపి మళ్లీ పేర్చి మళ్లీ తీయండి. ఆ ఫోటోలు పక్కపక్కన చూస్తే ఏది బాగుందో మీ కన్నే చెబుతుంది.

ఫోటోను దీర్ఘచతురస్రంగా అంటించవద్దు. తలుపు ఒక రెక్కను కట్టర్‌తో నేరుగా కోయండి, గోడ భాగాన్ని చేత్తో చింపండి. కోసిన అంచు గట్టిగా నిలబడుతుంది, చింపిన అంచు కింది కాగితంలో కలిసిపోతుంది. ఒకే పేజీలో రెండూ ఉన్నప్పుడు కంటికి నడక దొరుకుతుంది. చింపినప్పుడు ఒక ముక్కకు తెల్ల అంచు వస్తుంది, రెండో దానికి రాదు. తిరగేసి చింపితే తారుమారవుతుంది. చిత్తు ప్రింటు మీద ఒకసారి చింపి చూసుకుంటే మీకు కావలసిన వైపు తెలుస్తుంది. సున్నం పెచ్చులూడుతున్న గోడకు ఆ తెల్ల అంచు అచ్చంగా సరిపోతుంది.

అంటించే తీరు: ఫోటో వెనక నీళ్లు కలపని ఫెవికాల్ పలుచగా రాసి ఒక నిమిషం ఆగండి. కాగితం సాగాల్సినంత సాగుతుంది. అప్పుడు అంటిస్తే బుడగలు రావు. రాసిన వెంటనే అంటించి, తర్వాత బుడగలను గోటితో నొక్కడం వల్లే ఫోటోలు చిరుగుతాయి.

తలుపు రెండో రెక్కను అంటించకండి. అక్కడ లెక్కల కాగితం గీతలే కనబడనివ్వండి. సగం తలుపు చూసి మిగతా సగాన్ని చూసేవారు తామే పూరించుకుంటారు.

స్టూడియో ప్రింటునే వాడాల్సి వస్తే, ఒక మూల దగ్గర గోటితో విడదీసి వెనక పొరను మెల్లగా ఒలవండి. చాలా ప్రింట్లకు ఇది వస్తుంది, మందం బాగా తగ్గుతుంది. శుభలేఖల మందపు అట్టలకు కూడా ఇదే ఉపాయం.

6. పారదర్శక పొర

పేజీ మొత్తం స్వభావం మారేది ఇక్కడే. ఫోటో మీద సగభాగం తెల్ల టిష్యూ పడితే ఆ భాగం మసకబారి వెనక్కి జరుగుతుంది, మిగతాది ముందుకు వస్తుంది. దీని కోసం ప్రత్యేకంగా రంగు అక్కరలేదు.

టిష్యూకు నీళ్లు కలిపిన ఫెవికాల్ లేదా మ్యాట్ మీడియం. ముందు కింద రాసి, టిష్యూ పరచి, పైన బ్రష్‌ను తేలిగ్గా ఒక్కసారి లాగండి. రెండోసారి లాగితే చిరుగుతుంది. ముడతలు వస్తే ఉండనివ్వండి, గోడ భాగం మీద అవి బాగుంటాయి. ఆరాక జిగురు తెల్లదనం పోయి పలుచని మసక మాత్రమే మిగులుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు చూసి తొందరపడకండి.

ట్రేసింగ్ పేపర్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. తడి తగిలితే వెంటనే ముడుచుకుంటుంది, మళ్లీ సాఫీ కాదు. దానికి గ్లూ స్టిక్ మాత్రమే, అదీ ఒక అంచునే. మిగతాది తలుపులా తెరుచుకునేలా వదిలేయండి. దాని మీద పెన్సిల్‌తో గొళ్లెం, గడియ, చెక్క మీది చెక్కడాలు గీస్తే, తెరిచినప్పుడు ఫోటో, మూసినప్పుడు మీ గీత.

7. కావాలంటే: ఫోటోను కాగితం లేకుండా దించడం

ఎక్కువమంది విఫలమయ్యే మెట్టు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఇందులో ఫోటో కాగితం పోతుంది, అచ్చు మాత్రం పేజీ మీద మిగులుతుంది. లేజర్ ప్రింటు లేదా జిరాక్స్ ఉంటేనే చేయండి. బొమ్మ ఎడమ కుడి మారుతుంది, అందుకే తిప్పి తీయించిన ప్రింటు కావాలి. ఇంటి నంబరో, గోడ మీద రాతో ఉంటే ఇది మరీ ముఖ్యం.

పేజీ మీద జెల్ మీడియం సమానంగా రాయండి. ప్రింటును బోర్లించి అంటించి, కార్డుతో మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కండి. పక్కలకు వచ్చిన మీడియం తుడిచేయండి. ప్రింటు వెనకకు అది అంటితే అక్కడ నీరు దిగదు, కాగితం ఊడదు. రాత్రంతా వదిలేయండి. మర్నాడు తడి గుడ్డను కాసేపు దాని మీద వేసి, వేలి కొనతో గుండ్రంగా రుద్దండి. కాగితం చిన్న చిన్న ఉండలుగా లేస్తుంది. మొదటిసారి బాగా వచ్చినట్టే ఉంటుంది, ఆరగానే తెల్లని పొర మళ్లీ తేలుతుంది. మిగిలిపోయిన కాగితపు పీచు అది. మళ్లీ తడిపి మళ్లీ రుద్దండి. మూడోసారి దాకా పట్టవచ్చు.

బొమ్మ కూడా లేచిపోతోందంటే కారణం మూడింటిలో ఒకటి: మీడియం పూర్తిగా ఆరలేదు, నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా గోరు తగులుతోంది. ఫెవికాల్‌తో కూడా ఇది చేయవచ్చు. అయితే అది ఆరాక కూడా నీటికి మెత్తబడుతుంది, కాబట్టి గుడ్డను బాగా పిండి, కొద్ది కొద్దిగా రుద్దాలి. అక్కడక్కడా ఊడిన బొమ్మను చూసి పేజీ పాడైందనుకోకండి. కింది లెక్కల గీతలు ఆ ఖాళీల్లోంచి కనబడితే మనం కోరుకున్న పొర అదే.

థిన్నర్ లేదా అసిటోన్‌తో దించే పద్ధతి కూడా ఉంది. అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1950ల చివర్లో పత్రికల్లోని బొమ్మలను ద్రావకంతో తడిపి, వెనక నుంచి రుద్ది కాగితం మీదకు దించేవాడు. ఆ రుద్దిన గీతల జాడ బొమ్మలో నిలిచిపోవడమే వాటి అందం. కాని ఆ ఆవిరి తల తిప్పుతుంది, నిప్పుకు భగ్గుమంటుంది. మూసిన గదిలో, వంటగది పక్కన, పిల్లల దగ్గర వద్దే వద్దు.

8. కొంత తీసేయండి

వేసిన పొరలన్నీ బాగా ఆరాక ఉప్పు కాగితంతో ఫోటో అంచులను, తలుపు మీద వెలుతురు పడే చోట్లను తేలిగ్గా గీకండి. లేజర్ ప్రింటు నలుపు లేచి, కింది తెలుపు చారలుగా బయటపడుతుంది. ఎక్కువ గీకాలనిపిస్తుంది, ఆపుకోండి. అరచేతి పరిమాణం మించకుండా ఒక్క చోటే గీకండి. కిటికీ కూడా కోయవచ్చు: పేజీ కింద అట్ట పెట్టి, పై పొరను మాత్రమే కట్టర్‌తో తేలిగ్గా చదరంగా కోసి ఒలవండి. జిగురు ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నప్పుడే ఇది సులువు, కాబట్టి కిటికీ కావాలంటే గీకడానికి ముందే, పై పొర పూర్తిగా ఆరకముందే కోయండి.

గీతలు, రంగులు చివర్లోనే. ఫెవికాల్ పూత మీద మామూలు పెన్సిల్ జారుతుంది, వాటర్ కలర్ బొట్లుగా విడిపోతుంది. బాల్ పెన్, రంగు పెన్సిల్, ఆక్రిలిక్ పనికొస్తాయి. ముందు మ్యాట్ మీడియం పూత వేసుకుంటే పెన్సిల్ కూడా పడుతుంది.

9. ఆరబెట్టడం

తడి పేజీని వెంటనే పుస్తకాల కింద పెట్టకండి, తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. చేతికి అంటనంత ఆరేదాకా తెరిచి ఉంచి, ఆ తర్వాత రెండు వైపులా బటర్ పేపర్ పెట్టి మూసి, పైన బరువు ఉంచండి. ఆరిందో లేదో చేతి వెనక భాగాన్ని ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, ఒక పొరకు ఒక పూట కాకుండా ఒక రోజు ఇవ్వండి. హెయిర్ డ్రయ్యర్ తొందర పెడుతుంది, అంచులను లేపుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

పేజీ ఒకవైపుకు వంగిపోవడం: ఒకవైపే అంటించడం వల్ల వస్తుంది. వెనక వైపు కూడా అంతే పరిమాణంలో ఒక కాగితం అంటిస్తే రెండు లాగుళ్లు సరిపోతాయి. ఇప్పటికే వంగిన పేజీ వెనక తడి స్పంజితో తేలిగ్గా ఒత్తి, బరువు కింద పెట్టండి.

పేజీలు ఒకదానికొకటి అతుక్కోవడం: ఆక్రిలిక్ మీడియం వేసవిలో మెత్తబడుతుంది. ఆ పేజీల మధ్య బటర్ పేపర్ శాశ్వతంగా ఉంచేయండి. అతుక్కున్నవాటిని లాగకండి, సన్నని స్కేలు మెల్లగా దూర్చి విడదీయండి.

సెల్లో టేప్ వాడటం: కొన్నేళ్లకు అది పచ్చబడి, జిగురు కారి, పక్క పేజీని కూడా పాడు చేస్తుంది. తాత్కాలికంగా పట్టి ఉంచడానికి మాస్కింగ్ టేప్ వాడి, పని అవగానే తీసేయండి.

అన్నీ నచ్చినవే కావడం: నచ్చిన ప్రతి ముక్కకూ పేజీలో చోటివ్వాలనుకుంటే కేంద్రం ఉండదు. నా సలహా: ఫోటో ఒక్కటే, రంగు ఒక్క చోటే, మిగతావన్నీ దానికి నేపథ్యం. తీసేసిన ముక్కలను వెనక అట్టకు కవరు అంటించి అందులో దాచుకోండి, తర్వాతి పేజీకి పనికొస్తాయి.

పేజీ బాగా వచ్చిందో లేదో చూసుకోవడం

ఫోన్‌లో పేజీని నలుపు తెలుపులో ఫోటో తీయండి. అంతా ఒకే బూడిద రంగుగా కనబడితే ముదురు, లేత తేడా చాలలేదు. ఒక చోట ముదురు ముక్క, లేదా ఒక చోట టిష్యూ అవసరం. తర్వాత పుస్తకాన్ని తలకిందులుగా నిలబెట్టి, గదికి అవతలి గోడ దగ్గర నుంచి చూడండి. కన్ను మొదట ఎక్కడ ఆగింది? మన పేజీలో అది గడప పసుపు దగ్గర ఆగాలి. వేరే చోట ఆగితే అక్కడి ముక్క మీద టిష్యూ వేసి తగ్గించండి.

ఆ తర్వాత వేలిని పేజీ మీద ఎక్కడైనా పెట్టి, ఆ వేలి పక్కన ఎన్ని పొరలు కనబడుతున్నాయో చూడండి. కనీసం రెండు చోట్ల మూడు పొరలు ఒకేసారి కనబడాలి. ఎక్కడ పెట్టినా ఒకటే కనబడితే ఎనిమిదో మెట్టుకు తిరిగి వెళ్లండి.

చివరిగా అంచులు. గోటిని పేజీ మీద అడ్డంగా తేలిగ్గా లాగండి, ఎక్కడ తగులుకుంటే అక్కడ అంచు లేచింది. సన్నని బ్రష్‌తో ఆ అంచు కింద ఫెవికాల్ దూర్చి, బటర్ పేపర్ వేసి నొక్కండి. వారం తర్వాత ఇదే పరీక్ష మరోసారి చేయండి. మొదటి రోజు పట్టుకున్నట్టున్న మందపాటి కాగితాల అంచులు అప్పటికి లేస్తుంటాయి. పేజీ వెనక తేదీ, ఏ జిగురు వాడారో, ఏ రకం ప్రింటో పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.